నీళ్లు తాగే లారీతో మణుగూరు దాకా

పెనుబల్లి నుంచి మణుగూరుకు కారులో మూడు గంటల దారి. నాకు రెండు రోజులు పట్టింది. దారిలో నా లారీ తొమ్మిదిసార్లు నీళ్లు అడిగింది. ఒక్కచోట తప్ప ప్రతిచోటా నేను ఖాళీ డబ్బా పట్టుకుని ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు నిలబడ్డాను. ఈ దారిన వెళ్లొచ్చినవాళ్లు అడవి గురించీ గోదావరి వంతెన గురించీ గుడి గోపురం గురించీ రాస్తారు. రాసుకోనివ్వండి. నాకు ఆ మూడింటికంటే రేడియేటర్ ఆవిరే ఎక్కువ కనిపించింది.

నేను ఊళ్లు చూడడానికి వెళ్లలేదు. ఒక మనిషి దొంగ అని రుజువు చెయ్యడానికి వెళ్లాను. ఆ మాట ముందే చెప్పేస్తే, దారి పొడుగునా నా నోటికి హద్దు లేకుండా పోవడం ఎందుకో మీకు అర్థమవుతుంది.

పెనుబల్లి: మా వాకిలి

నాది ఆరు చక్రాల లారీ. వయసు ఇరవై రెండేళ్లు. కిలోమీటర్ల మీటరు ఏడు లక్షల చిల్లర దగ్గర ఆగిపోయి ఎనిమిదేళ్లయింది, ఆ తర్వాత ఎంత తిరిగిందో ఎవరికీ తెలియదు. దాని పనులు మా వాకిట్లో నేనే చేసుకుంటాను. ఆదివారం చర్చి నుంచి రాగానే తెల్లచొక్కా విప్పి, లుంగీ కట్టి దాని కిందికి దూరతాను. గ్రీజు కొట్టడం, ఇంజిన్ ఆయిల్ మార్చడం, బ్రేకులు సర్దడం, ఫ్యాన్ బెల్టు బిగించడం, అన్నీ నేనే. రాత్రి దాని కింద పాత అట్టముక్క పరిచి పొద్దున్నే చూస్తాను. నల్లచుక్క పడితే ఇంజిన్ ఆయిల్, మరక లేకుండా అట్ట ఉబ్బితే నీళ్లు. నా భార్య సువార్త నేను కనిపించకపోతే ముందు లారీ కింద చూస్తుంది, ఆ తర్వాతే ఇంట్లో.

పెద్దపని పడితే సత్తుపల్లిలో యాకూబ్ షెడ్డు. పద్దెనిమిదేళ్ల స్నేహం. నన్ను బావా అంటాడు, సువార్తను చెల్లె అంటాడు. రంజాన్‌కు వాళ్ల ఇంటి సేమియా మా ఇంటికి, క్రిస్మస్‌కు మా ఇంటి అరిసెలు వాళ్ల ఇంటికి.

రెండేళ్ల కింద లారీ నీళ్లు తాగడం మొదలుపెట్టింది. అంటే రేడియేటర్లో పోసిన నీళ్లు మాయమవుతాయి, ఇంజిన్ కాగిపోతుంది, మూత సందులోంచి ఆవిరి చిమ్ముతుంది. యాకూబ్ ఇంజిన్ హెడ్డు విప్పి, దాని కింద నీళ్లూ ఆయిలూ కలవకుండా అడ్డుండే గ్యాస్కెట్ కాలిపోయిందని మార్చాడు. ఏడాదిన్నరకు మళ్లీ అదే రోగం, మళ్లీ గ్యాస్కెట్. దాని మీద నాలుగు నెలలు తిరక్కుండానే ఎండాకాలంలో మూడోసారి.

ఇంట్లో చూడగలిగినవన్నీ చూశాను. గ్యాస్కెట్ పోతే నీళ్లు కలిసి ఆయిల్ పాలు పోసిన కాఫీలా మారుతుంది. కొలిచే పుల్ల తీసి చూస్తే ఆయిల్ నల్లగానే ఉంది. మూత తీసి ఇంజిన్ నడిపిస్తే రేడియేటర్లో బుడగలు తన్నుకు రావాలి. అరగంట కాపు కాస్తే రెండో మూడో వచ్చాయి. అంటే గ్యాస్కెట్ బాగానే ఉందని లారీ తన నోటితో తాను చెబుతోంది. నాకు మాత్రం ఆ రెండు మూడు బుడగలే కావాలి. నేరుగా యాకూబ్ షెడ్డుకు వెళ్లి, పదిమంది డ్రైవర్ల ముందు అరిచాను.

"డూప్లికేట్ గ్యాస్కెట్ ఏసి ఒరిజినల్ పైసలు గుంజినవు. దొంగవురా నువ్వు!"

యాకూబ్ చేతిలోని పానా కింద పెట్టాడు. "గంత మాట అన్నవా బావా" అన్నాడు. అంతే. అతను నన్ను బావా అనడం అదే ఆఖరు.

నేను అక్కడితో ఆగలేదు. మా లారీ ఓనర్ల సంఘంలో పంచాయితీ పెట్టాను. రుజువు తెస్తే సంఘం బండి ఒక్కటి కూడా ఆ షెడ్డుకు పోకుండా తీర్మానం చేస్తామన్నారు. ఆదివారం దాకా గడువు. మా బండ్లు పోకపోతే యాకూబ్ షెడ్డు మూతపడుతుంది, ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే పెట్టాను. మణుగూరులో సాంబయ్య మేస్త్రి అని, బొగ్గుగనిలో డంపర్లు బాగుచేసి రిటైరైన పెద్దమనిషి ఉన్నాడని, ఆయన చెప్పిన మాటకు ఎదురుండదని సంఘంలోనే అన్నారు. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర లోడు దొరికింది. సువార్త అక్క మణుగూరులోనే ఉంటుంది కాబట్టి తానూ వస్తానంది. బుధవారం పొద్దున్న మా బోరు దగ్గర రేడియేటర్ నిండా నీళ్లు పట్టాను. మేం తాగడానికి సువార్త ఫిల్టర్ నీళ్ల క్యాన్ ఒకటి క్యాబిన్లో పెట్టింది. బయల్దేరాం.

సత్తుపల్లి: ఆగకూడని చోట

ఊరంత సత్తుపల్లిలో ఆ దరిద్రపు లారీకి ఆగడానికి ఇంకో చోటు దొరకలేదు. సరిగ్గా యాకూబ్ షెడ్డు ముందు బుస్సుమని ఆవిరి కక్కింది. షెడ్డులో పనిచేసేవాళ్లు, ఎదురుగా టీ తాగేవాళ్లు, అందరూ మా వైపే చూశారు. నేను స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాను.

"దిగి నీళ్లడుగు" అంది సువార్త.

"వాన్నా? నేనడగ."

"నువ్వడగకుంటే ఏంది, లారీ అడుగుతనే ఉన్నది గద" అని తనే దిగింది.

యాకూబ్ స్టూలు మీంచి లేచాడు. "ఏంది చెల్లె, గింత ఎండల బయల్దేరిన్రు?" అన్నాడు. నా వైపు చూడలేదు. లోపలికి వెళ్లి, షెడ్డులో వాళ్లు తాగడానికి పెట్టుకున్న ఫిల్టర్ నీళ్ల క్యాన్ భుజాన మోసుకొచ్చి లారీ ముందు దించాడు. "ఇవి పొయ్యమను. ఆ పంపు నీళ్లు వద్దు" అని సువార్తతోనే చెప్పాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. తాగే నీళ్లు లారీకి పోయమంటున్నాడంటే నన్ను వెక్కిరించడానికే, రేపు సంఘంలో ఉపకారం చేశానని చెప్పుకోవడానికే అనుకున్నాను. కిందికి దూకి, క్యాన్ మూత పీకి, ఆ నీళ్లతో ముఖం కడుక్కున్నాను. కాళ్లు కడుక్కున్నాను. మిగిలినవి రోడ్డు మీద పారబోశాను. ఖాళీ క్యాన్ అతని ముందుకు దొర్లించి, పక్కనున్న బోరు పంపు దగ్గర డబ్బా నింపి రేడియేటర్లో పోశాను. అందరూ చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను.

యాకూబ్ వంగి ఆ క్యాన్ తీసుకున్నాడు. "జల్దీ పోండి చెల్లె, ఎండ ముదుర్తది" అని లోపలికి వెళ్లిపోయాడు.

దమ్మపేట: ఇడ్లీకి నీళ్లు, లారీకి లేవు

దమ్మపేట చుట్టూ పామాయిల్ తోటలు. ఒకప్పటి మామిడి, జీడిమామిడి చాలాచోట్ల పోయి వరసలు వరసలుగా ఇవే. కింద నల్లటి నీడ, గొట్టాల్లో పగలంతా పారే నీళ్లు. మా పెనుబల్లిలో ప్లేటు ఇడ్లీ ముప్పై, ఇక్కడ నలభై. పల్లీ చట్నీలో కారం మాత్రం మాకంటే రెండింతలు, అందుకే మనిషి రెండు గ్లాసుల నీళ్లు తాగుతాడు. హోటలాయనను లారీకి ఒక బకెట్ నీళ్లు అడిగాను.

"తిన్న మనిషికి నీళ్లు ఫ్రీ. లారీ ఏం తిన్నది?" అన్నాడు.

నాకు కోపమొచ్చింది, సువార్తకు నవ్వొచ్చింది. పొద్దుటి నుంచి ఆమె నవ్వడం అదే మొదలు, అందుకని ఇంకా కోపమొచ్చింది. మా ఊళ్లో ఎవరైనా నీళ్లడిగితే ముందు నీడలోకి రమ్మంటాం, ఏ ఊరని అడుగుతాం. ఇతను చెంబు దాచిపెట్టుకుని లెక్కలు మాట్లాడుతున్నాడు. పక్క తోటలో కూలీని అడిగితే గొట్టం విప్పి డబ్బా నింపి ఇచ్చాడు. అవీ బోరు నీళ్లే.

ములకలపల్లి అడవి: చెలమ దగ్గర

ములకలపల్లి దాటి పాల్వంచ వైపు పోతే రోడ్డుకు రెండువైపులా అడవి. మే నెల కాబట్టి సగం చెట్లు బోడిగా ఉన్నాయి, ఆకులు లేని కొమ్మల మధ్య నుంచి ఎండ నేరుగా నెత్తిన పడుతుంది. తునికాకు కోసి మోపులు కట్టుకుని వస్తున్న ఆడవాళ్లు ఎదురయ్యారు. అక్కడే లారీ మళ్లీ కాగింది. కొంచెం కిందికి దిగితే ఎండిన వాగు, ఇసకలో చేత్తో తోడిన చెలమ, దాని చుట్టూ బిందెలతో నలుగురు ఆడవాళ్లు కనిపించారు. నేను ఎవరినీ అడగకుండా వెళ్లి నా డబ్బా చెలమలో ముంచాను.

అందులో పెద్దామె ఒక్క కేక పెట్టింది. ముందు వాళ్ల భాషలో. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కానీ తిట్టు అని ఎవరూ చెప్పనక్కర్లేదు. తర్వాత తెలుగులో అందుకుంది.

"నూనె డబ్బా ముంచితివేంది? కండ్లు లెవ్వా? మేం తాగొద్దా?"

చూస్తే చెలమ నీళ్ల మీద సన్నగా రంగులు తేలుతున్నాయి. నా డబ్బా ఒకప్పుడు ఇంజిన్ ఆయిల్ డబ్బానే. ఎంత కడిగినా అంచుకు జిడ్డు ఉంటుంది. ఆమె సొరబుర్రతో ఆ చెలమలోని నీళ్లన్నీ తోడి ఇసకలో పారబోసింది. అడుగుదాకా తోడి, చేత్తో చుట్టూ గీకి, "ఇగ కూసో" అంది.

"ఎందుకు?"

"నీళ్లు ఊరాలె గద."

"ఎంతసేపు? నాకు మిల్లుకు టైమున్నది."

"నువ్వు తిడితే జల్ది ఊర్తయా?"

అరగంట కూర్చున్నాను. నా జీవితంలో ఇంజిన్ ఆపి, చేతిలో పని లేకుండా అంతసేపు కూర్చున్నది లేదు. ఇసక అడుగునుంచి నీళ్లు నెమ్మదిగా, తేటగా వచ్చాయి. సువార్త మా పులిహోర తీసి వాళ్లకు పెట్టింది, వాళ్లు తునికి పళ్లు ఇచ్చారు. పసుపు పచ్చగా, తియ్యగా ఉంటాయి, కొద్దిగా వగరు నాలుకకు పట్టుకుంటుంది. పెద్దామె ముందు తమ బిందెలు నింపుకుంది, తర్వాత తన కొంగుతో వడగట్టి నా డబ్బాలో పోసింది. లారీకి వడగట్టడమెందుకు అంటే ఆమె నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. యాభై నోటు ఇవ్వబోతే తీసుకోలేదు. "డబ్బా మార్చు" అంది.

పాల్వంచ: బాయిలర్ తాగే నీళ్లు

సాయంత్రానికి పాల్వంచ చేరాం. కరెంటు ఫ్యాక్టరీ ఊరు. లారీ అద్దం మీద వేలితో గీస్తే బూడిదలో గీత పడుతుంది. డ్యూటీ దిగినవాళ్లూ ఎక్కబోయేవాళ్లూ ఒకే టీ కొట్టు దగ్గర కలుస్తారు. టీ పదిహేను రూపాయలు, మా ఊళ్లో పదే. కానీ గ్లాసు పెద్దది, అల్లం ఘాటుగా ఉంది, అంతవరకు ఒప్పుకోవాలి.

నేను బానెట్ ఎత్తి లారీని తిడుతూ ఉంటే, టిఫిన్ డబ్బా పట్టుకున్న ఒకతను పక్కన చేరాడు. ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేస్తాడట.

"నీళ్ల తకరారా అన్నా? మా కాడ బాయిలర్ల పోసే నీళ్లల్ల ఉప్పు గాని సున్నం గాని ఈసమంత ఉండొద్దు. మనం తాగే నీళ్లు దానికి పనికిరావు."

ఈ మాట నాకు ఎక్కడో తగిలింది. పొద్దుటి నుంచి నీళ్ల కోసం ఎంతమందితో మాటలు పడ్డాను! ఆ అడవిలో ఆడవాళ్లు ఇసక గీకి తాగుతున్నారు. "మనుషులకు దిక్కులేని శుద్ధి ఇనుముకెందుకయ్యా?" అని గట్టిగానే అడిగాను.

అతను టీ గ్లాసు దించకుండా, "మనిషైతే దవాఖానకు పోతడు. బాయిలర్ యాడికి పోతది?" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. అతను చెప్పింది నా లారీ గురించే అని అప్పటికి నాకు తట్టనే లేదు.

సారపాక, భద్రాచలం: బొంగులో చికెన్

గురువారం పొద్దున్న సారపాక మిల్లు ముందు లారీల వరస, మధ్యాహ్నానికి లోడు దించారు. లారీ అక్కడే పెట్టి ఆటోలో వంతెన దాటి భద్రాచలం వెళ్లాం. ఎండాకాలం గోదావరి మధ్యలో ఇసక తిన్నెలు తేలి ఉన్నాయి. ఒడ్డున అరలీటరు బాటిల్ ఒక్కో దుకాణంలో ఒక్కో ధర, పక్కన అంత పెద్ద నది పోతుంటే నీళ్లు కొనుక్కోవడం నాకు తల కొట్టేసినట్టుంటుంది. రోడ్డు పక్కన వెదురు బొంగులో కోడి కూర కుక్కి నిప్పుల మీద కాలుస్తున్నారు. ఒక బొంగు మూడొందల యాభై అన్నారు. రెండొందలకు అడిగితే, "బొంగు మీరు తెచ్చుకుంటే ఇస్తం" అన్నాడు కాల్చేవాడు. ఇచ్చిన సమాధానానికి మెచ్చి మూడొందలకు తీసుకున్నాను. నూనె చుక్క లేకుండా ముక్క మెత్తగా ఉడికింది, వెదురు వాసన పట్టింది. మా సువార్త కూర వండితే నూనె పైకి తేలాలి, అయినా ఆమే ఎక్కువ తిన్నది.

తింటూ తింటూ అడిగింది. "యాకూబన్న క్యాన్ భుజాన మోసుకొచ్చిండు. ఎందుకట్ల పారబోసినవు?"

"వాని పేరెత్తకు."

"నిన్ను అడిగితే నీకు కోపం. లారీని అడిగితే దానికి ఆవిరి. ఇద్దరూ ఒకటే."

నేను అరిచాను. పక్క బెంచీల మీదివాళ్లు తిరిగి చూశారు. ఆమె చెయ్యి కడుక్కుని నది వైపు తిరిగి కూర్చుంది.

మణుగూరు: సాంబయ్య మేస్త్రి వాకిలి

అశ్వాపురం మీదుగా మణుగూరు దగ్గరపడుతుంటే రోడ్డు నల్లబడుతుంది. బొగ్గు టిప్పర్లు, వాటి వెనక నల్లటి దుమ్ము, ఆ దుమ్ము మధ్యలో కాలనీలు, కాలనీ గోడ దాటితే మళ్లీ అడవి. సాంబయ్య మేస్త్రి ఇల్లు ఆ చివర. మా వాకిలి లాంటిదే ఆయన వాకిలి కూడా. నేల మీద నూనె మరకలు, గోడకు వేలాడే పానాలు. చూడగానే ప్రాణం లేచొచ్చింది. సన్నటి మనిషి, బనీను, మెడలో రుమాలు. ఇంటివాళ్లు ఎక్కువ మాట్లాడడని చెప్పారు.

"గ్యాస్కెట్ డూప్లికేట్ అని మీ నోటితోని చెప్పాలె, చాలు" అన్నాను.

ఆయన గ్యాస్కెట్ వైపు చూడనే లేదు. ఇంజిన్ కాసేపు నడిపించి ఆపి, రేడియేటర్ ముందు కూర్చుని దాని మీద అరచెయ్యి పెట్టి పై నుంచి కిందికి, ఆ చివర నుంచి ఈ చివరకు జరిపాడు. జ్వరం చూసినట్టు. "సగం సల్లగున్నది. నీళ్లు తిరుగుతలేవు" అన్నాడు. చల్లారాక పై గొట్టం విప్పి లోపల వేలు పెట్టి తీశాడు. వేలి నిండా తెల్లటి పెళ్లలు.

"ఇంట్ల మీరు ఏ నీళ్లు తాగుతరు?"

"ఫిల్టర్ నీళ్లు. క్యాన్ తెప్పిస్తం."

"బోరు లేదా?"

"ఉన్నది. సున్నం నీళ్లవి. అన్నం వండితే గిన్నెకు తెల్లగ పడ్తది. మా నాయినకు కిడ్నీల రాళ్లు..." అని చెబుతూ చెబుతూ ఆగిపోయాను.

"లారీకి?"

నా బదులు సువార్త చెప్పింది. "బోరు నీళ్లే బాబాయ్. ఇరవై ఏండ్ల సంది."

ఆయన వేలు తుడుచుకున్నాడు. "సున్నం పేరుకోని దారులన్నీ మూసుకపోయినయి. గందుకే ఇంజిన్ కాగుతది. కాగితే గ్యాస్కెట్ కాల్తది. ఎన్ని మార్చినా కాల్తది."

అక్కడితో నేను ఊరుకోవాలి. ఊరుకోలేదు. అంత దూరం పోయి వట్టి చేతులతో వస్తే సంఘంలో నా ముఖం ఎక్కడ పెట్టుకోను? హెడ్డు విప్పి గ్యాస్కెట్ చూపించాల్సిందేనని పట్టుబట్టాను. బాగున్న గ్యాస్కెట్‌ను ఒకసారి విప్పితే మళ్లీ పనికిరాదని ఆయన రెండుసార్లు చెప్పాడు. "కానియ్యండి" అన్నాను. శుక్రవారం పొద్దున్న విప్పాడు. ఒరిజినల్ గ్యాస్కెట్. ఎక్కడా కాలలేదు. హెడ్డుకు మచ్చ లేదు, బోల్టులు అన్నీ ఒకే బిగువులో ఉన్నాయి. నా కళ్ల ముందే దాన్ని ఊడబీకి పక్కన పడేశాడు. నా అనుమానం తీరడానికి ఒక మంచి గ్యాస్కెట్ చెత్తకుప్పలోకి పోయింది.

"ఎవలు చేసిన్రు ఈ పని?" అని అడిగాడు.

"సత్తుపల్లిల ఒకతను."

"చెయ్యి మంచిగున్నది. ఇడువకు అతన్ని."

తర్వాత రేడియేటర్ దించాడు. పై తొట్టి ఊడదియ్యాలంటే అతుకు వేడి చెయ్యాలి, అతుకు వేడి చెయ్యాలంటే దాని మీది రంగు గీకాలి. నా లారీ రేడియేటర్ మీద రంగుకు కొదవ లేదు. ఏటా ఫిట్‌నెస్‌కు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికి తీసుకుపోయే ముందు రోజు మా వాకిట్లో నేనే బ్రష్షు పట్టుకుని కనిపించిన ఇనుమల్లా నలుపు కొడతాను. మేమంతా అంతే, పాత లారీ కొత్తగా కనబడాలి. సాంబయ్య మేస్త్రి బ్లేడు పెట్టి పొరలు పొరలుగా గీకుతున్నాడు. కింద ఇత్తడి పచ్చగా బయటపడుతోంది. పచ్చటి ఇత్తడి మీద నల్లటి గీతలు కనిపించాయి. మేకుతో గీకిన గీతలు, వాటిలో నా రంగు నిండి ఉంది.

"ఏదో రాసి ఉన్నది" అని సువార్త వంగింది. పైకి చదివింది.

"బావా, బోరు నీళ్లు పొయ్యకు. కూలెంట్ పొయ్యి. యాకూబ్."

నాకు అంతా గుర్తొచ్చింది. రెండేళ్ల కింద మొదటి గ్యాస్కెట్ మార్చిన రోజు యాకూబ్ నాతో చెప్పాడు, రేడియేటర్లో నీళ్ల బదులు, సున్నం పట్టనియ్యని ఆ పచ్చటి కూలెంట్ పొయ్యమని. "రంగు నీళ్లు అమ్ముకుంటున్నవా యాకూబ్? మా బోరుకు ఏమైంది?" అని నవ్వి వచ్చేశాను. నేను మర్చిపోతానని తెలిసే, మూత తీసిన ప్రతిసారీ కంటపడేలా మేకుతో రాశాడు. మరుసటి వారమే ఫిట్‌నెస్. బ్రష్షు పట్టుకున్నప్పుడు ఆ గీతలు నాకు కనిపించాయి. నా బండి మీద మేకుతో గీకిండేంది అని విసుక్కున్నాను. చదవలేదు. రంగు కొట్టేశాను. మరుసటి ఏడాది ఇంకో పూత.

రెండు రోజులుగా దారిలో కనిపించిన ప్రతి మనిషినీ తిట్టుకున్న నాకు, అప్పుడు తిట్టుకోవడానికి ఒక్కడే మిగిలాడు. సత్తుపల్లి రోడ్డు మీద నేను పారబోసిన క్యాన్ గుర్తొచ్చింది. సాంబయ్య మేస్త్రి గొట్టాల్లో సన్నటి ఇనపపట్టీ దూర్చి దూర్చి సున్నం బయటికి తోస్తున్నాడు. వాకిట్లో తెల్లటి కుప్ప పోగయింది. ఆ కుప్పను చూస్తూ నేను పిడికిలితో నా తొడ మీద కొట్టుకున్నాను. సువార్త నా చెయ్యి పట్టుకుని ఆపింది.

మళ్లీ సత్తుపల్లి

శనివారం కొత్త గ్యాస్కెట్, కడిగిన రేడియేటర్, అందులో పచ్చటి కూలెంట్. మణుగూరు నుంచి సత్తుపల్లి దాకా లారీ ఒక్కచోట కూడా నీళ్లు అడగలేదు. పాల్వంచ దాటింది, చెలమ దాటింది, దమ్మపేట దాటింది. అంత బాగా నడుస్తున్నందుకు దాని మీద కూడా కోపమొచ్చింది.

యాకూబ్ షెడ్డు ముందు ఆపాను. ఈసారి నేనే దిగాను. బానెట్ ఎత్తి, "ఇటు రా, చూడు" అన్నాను. అతను వచ్చి తన రాత తాను చూసుకున్నాడు. ముఖంలో ఏమీ మారలేదు.

"తప్పైంది యాకూబ్. నాదే తప్పు."

"నాకెందుకు చెప్తున్నవు?" అన్నాడు. "నేను దొంగను గానని నాకు తెల్వదా? ఎవరి ముందల అన్నవో ఆళ్లకు చెప్పు."

చెప్పాను. ఆదివారం చర్చి అయిపోగానే తెల్లచొక్కాతోనే సంఘానికి వెళ్లాను. అందరినీ బయటికి పిలిచి లారీ దగ్గర నిలబెట్టి, ఆ ఇత్తడి మీది అక్షరాలు పైకి చదివాను. "యాకూబ్ దొంగ కాదు. నేను చదవని మూర్ఖున్ని" అన్నాను. కొందరు నవ్వారు. మరి రెండేళ్లు కనబడలేదా అని ఒకరు అడిగారు. కనబడింది, రంగు కొట్టిన అన్నాను. తీర్మానం లేదు, పంచాయితీ లేదు. బండ్లు ఎప్పటిలాగే ఆ షెడ్డుకు పోతున్నాయి. నాది కూడా.

యాకూబ్ నా పని ఆపలేదు. ఎప్పటిలాగే శ్రద్ధగా చేస్తాడు, బోల్టు బోల్టు చూసి బిగిస్తాడు. పోయిన నెల ఆయిల్ మార్చి, రేడియేటర్ మూత తీసి చూసి, రుమాలుతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "కూలెంట్ సరిపోను ఉన్నది, ఓనర్ గారూ."

"ఓనర్ గారు ఏందిరా!" అని షెడ్డు అదిరేలా అరిచాను. అతను పక్క లారీ దగ్గరికి వెళ్లిపోయాడు. సువార్తను మాత్రం ఇప్పటికీ చెల్లె అంటాడు. రంజాన్‌కు సేమియా వచ్చింది, ఆమె పేరున.

ఈ వారం ఫిట్‌నెస్. నిన్న మా వాకిట్లో బ్రష్షు పట్టుకుని లారీకంతా నలుపు కొట్టాను. రేడియేటర్ తొట్టి మీద మాత్రం ముందే టేపు అంటించి, అంతా ఆరాక ఊడదీశాను. బావా అన్న మాట ఇత్తడి మీద అట్లాగే ఉంది. ఇప్పుడు నన్ను ఆ మాటతో పిలిచేది అదొక్కటే.